రంగులు చాలవని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

ఫోన్ రివ్యూల్లో 10 బిట్ డిస్‌ప్లే, 107 కోట్ల రంగులు అంటూ మనం తెగ వాదించుకుంటాం. నేను మాత్రం పోయిన నెల 65,536 రంగుల దగ్గర ఒక రాత్రంతా పోగొట్టుకున్నా.

ఉదయం డెమో ఉంది. ఇంటి నుంచి ఆఫీస్ లైనక్స్ మెషీన్‌కి వీఎన్‌సీతో కనెక్ట్ అయ్యా. నెట్ మొబైల్ హాట్‌స్పాట్‌ది, అందుకే సర్వర్‌ని 16 బిట్ కలర్‌లో స్టార్ట్ చేశా. కంప్రెషన్‌కి ముందు లెక్క చూస్తే ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ ఒక్కటే 32 బిట్‌లో దాదాపు 83 లక్షల బైట్లు, 16 బిట్‌లో అందులో సగం. తెలివైన పనే అనుకున్నా. త్రీడీ మోడల్ చూపించే యాప్ ఓపెన్ చేస్తే "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని వచ్చింది, అంతే. రీఇన్‌స్టాల్ చేశా. డ్రైవర్‌ని అనుమానించా. పాత వెర్షన్‌కి కూడా వెళ్లొచ్చా. రెండున్నరకి కళ్లు మూతలు పడుతుంటే, వాల్‌పేపర్‌లో ఆకాశం చారలు చారలుగా కనిపించింది. అప్పుడు వెలిగింది!

16 బిట్ అంటే ఎరుపుకి 5, పచ్చకి 6, నీలానికి 5 బిట్లు. ఈ రకం ఓపెన్‌జీఎల్ యాప్ మొదలవగానే "ఒక్కో రంగుకి కనీసం 8 బిట్లున్న విజువల్ కావాలి" అని అడుగుతుంది. అలాంటిది దొరక్కపోతే చేతికొచ్చేది నల్. దాన్ని చెక్ చేయకుండా వాడేస్తే క్రాష్ కాక ఏమవుతుంది? ఒక్క ఇఫ్ కండిషన్, ఒక్క లైన్ మెసేజ్ ఉంటే నాకు నిద్ర దక్కేది.

"ఈ రోజుల్లో 16 బిట్ ఎవరు వాడతారు?" అంటారేమో. స్లో నెట్ ఉన్నవాళ్లు వాడతారు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ ఆప్షన్ ఊరికే పెట్టలేదు. మానిటర్ లేకుండా టెస్టులు నడిపే ఎక్స్‌వీఎఫ్‌బీ పాత వెర్షన్లలో డిఫాల్ట్ 8 బిట్టే, అంటే 256 రంగులు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ 24 బిట్ ఉంటుంది కాబట్టి బగ్ అతనికి కనిపించదు. (విండోస్ 7లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడినవాళ్లకి రంగు మారిన గడ్డి, నీళ్లు గుర్తుండే ఉంటాయి. అదీ 256 రంగుల గొడవే.)

కాబట్టి రిమోట్‌లో యాప్ చెప్పాపెట్టకుండా చస్తే, రీఇన్‌స్టాల్ కంటే ముందు కలర్ డెప్త్ చూడండి. లైనక్స్‌లో ఎక్స్‌డీపీవైఇన్ఫో కమాండ్ కొడితే రూట్ విండో డెప్త్ కనిపిస్తుంది. 16 ఉంటే వీఎన్‌సీ సర్వర్‌ని ఆపి, డెప్త్ 24తో మళ్లీ స్టార్ట్ చేయాలి. రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే షో ఆప్షన్స్‌లో డిస్‌ప్లే ట్యాబ్‌కి వెళ్లి 32 బిట్ పెట్టి, మళ్లీ కనెక్ట్ అవ్వండి. విండోస్‌లో ఆ యాప్ ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో రెడ్యూస్డ్ కలర్ మోడ్ టిక్ ఉంటే తీసేయండి. డేటా మిగలాలంటే రంగుల జోలికి పోకుండా రిజల్యూషన్ తగ్గించుకోండి.

డెమో గట్టెక్కింది. ఆ కోపంలోనే మర్నాడు మా సొంత కోడ్‌లో వెతికా. అదే ఫంక్షన్, చెక్ లేకుండా, రెండు చోట్ల ఉంది. ఒకటి నేను రాసిందే.