ఫార్మాట్ ఇలాజ్ కాదు భాయ్!

మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఎప్పుడు పడితే అప్పుడు నీలి తెర చూపించి ఆగిపోయేది. షాపు అబ్బాయి దాన్ని సరిగ్గా చూడకుండానే ఫైస్లా చెప్పేశాడు: "ఫార్మాట్ కొట్టాలి అంకుల్." సరే అన్నాను. బ్యాకప్ అడగకపోవడం నా గల్తీ. షాదీ ఫోటోలు, బిడ్డ ప్రాజెక్టు పోయాయి. నాలుగో రోజు నీలి తెర మళ్లీ హాజర్!

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం ఏం ఇన్సాఫ్? నీలి తెర దుష్మన్ కాదు, గవా. దాని మీది స్టాప్ కోడే బయాన్. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. విండోస్ ఫోల్డరులోని మినీడంప్‌లో కూడా క్రాష్‌ల సబూత్ ఉంటుంది. ఫార్మాట్ చేస్తే అదీ సఫా.

2024 జూలై 19న ఒక సెక్యూరిటీ అప్‌డేట్ లోపంతో దునియాలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లకు ఇదే గతి పట్టింది. ఇలాజ్? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తప్పు ఫైలు తీసేయడం. ఫార్మాట్ కాదు!

మాకొచ్చిన కోడ్ 'మెమరీ మేనేజ్‌మెంట్'. ర్యామ్ మీద షక్ వచ్చి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపాం. తప్పు చూపించింది. రెండు ర్యామ్ ముక్కల్ని ఒక్కోటే పెట్టి చూస్తే ఖరాబైంది ఏదో తేలిపోయింది. మార్చాం, మళ్లీ రాలేదు. మీకు కొత్త డ్రైవర్ వేశాక మొదలైతే ముందు దాన్నే వెనక్కి తీయండి.

"ముందు బ్యాకప్ తియ్యి, కోడ్ చదువు, తర్వాతే చెయ్యి పెట్టు" అని షాపులో అడగడానికి షరం ఎందుకు? బిడ్డల మెహనత్ వాళ్లకు కచరా కావచ్చు. మనకది అమానత్.