పిల్లలు పెద్దవారైనా తలాక్ గాయం చిన్నది కాదు

కూతురికి నికాహ్ కుదిరింది. కార్డులో తండ్రి పేరు వేయాలా, మేనమామ పేరా? వలీగా ఎవరు కూర్చోవాలి? తల్లిదండ్రులు విడిపోయిన ఇంట్లో ఈ ప్రశ్నల మధ్య నలిగిపోయేది ఆ ఇరవై ఏళ్ల బిడ్డే. "పెద్దవాళ్లయ్యారు, వాళ్లే అర్థం చేసుకుంటారులే" అని మనం సరిపెట్టుకుంటాము. ఇది పొరపాటని మా అభిప్రాయం.

ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019 నాటి చట్టం భృతి గురించి, మైనర్ పిల్లల సంరక్షణ గురించి చెప్పింది. పద్దెనిమిది దాటిన వారి మనసును చట్టం చూడలేదు. అది కుటుంబమే చూసుకోవాలి.

అమెరికాలో జుడిత్ వాలర్‌స్టీన్ 1971 నుంచి పాతికేళ్లపాటు విడాకుల కుటుంబాల పిల్లలను గమనించారు. తమ పెళ్లి గురించి ఆలోచించే వయసులోనే ఆ దెబ్బ గట్టిగా బయటపడుతుందని ఆమె తేల్చారు. అయితే అలాంటి పిల్లల్లో ఎక్కువమంది నిలదొక్కుకుంటారని, 20-25 శాతం మందిలో తీవ్ర సమస్యలు కనబడతాయని మేవిస్ హెథరింగ్టన్ 2002లో రాశారు. కాబట్టి "తలాక్ ఇంటి పిల్ల" అని సంబంధం కాదనడం అన్యాయం. వారి బాధను పట్టించుకోకపోవడమూ అన్యాయమే.

మన కోనసీమ, నరసాపురం వైపు తల్లో తండ్రో కువైట్, మస్కట్ వెళ్లిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో దంపతులు విడిపోతే ఇద్దరి మధ్య కబుర్లు మోసే పని డిగ్రీ చదివే కొడుకు మీద పడుతుంది. ఆ బరువు వాడి మీద పెట్టకండి.

తగాదా ముదరక ముందే ఇరువైపుల నుంచి చెరొక పెద్దను కూర్చోబెట్టమని సూరె నిసా 35వ ఆయత్ చెబుతోంది. విడిపోక తప్పకపోతే పిల్లలను సాక్షులుగా నిలబెట్టవద్దు. ఇద్దత్ ముగిసినా తండ్రి బాధ్యత ముగియదు. పిల్లలకు నిద్ర పట్టకపోయినా, పెళ్లి మాటంటేనే భయపడుతున్నా డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

విడిగా ఉంటున్న తండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ జుమా నమాజు ముగించి ఇంటికి వెళ్లేలోగా మీ బిడ్డకు ఒక్క ఫోన్ చేయండి. కార్డు మీద పేరు సంగతి తరువాత చూసుకోవచ్చు.