సున్నపు గోడకు సిగ్గెందుకు?



గడచిన వారం మా కోసిగిలో నా పాత విద్యార్థి ఒకడు రంగుల పుస్తకం చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఒకటిన్నర సెంటు స్థలంలో రెండు గదులు, ఒక వంటిల్లు కట్టుకొన్నాడు. తాత తండ్రులు మట్టి మిద్దెలో బ్రతికినవారు. సిమెంటు గోడ వాని వంశంలో ఇదే మొదటిది.

"అన్నీ ఇంగ్లీషు పేర్లే ఉండాయి సార్. మీరు తెలుగులో చెప్పి ఒక రంగు ఎంచియ్యండి" అన్నాడు.

తెలుగు పండితుని వద్దకు రంగుల కోసం వచ్చినవాడు వీడొక్కడే కాబోలునని సంతోషించి పుస్తకం తెరిచినాను. వేలెడంత చదరాలు వందలకొద్దీ ఉన్నవి. ఒక్కొక్కదానికి పేరు పెట్టుకొంటూ పోయినాను. ఉల్లిపొర రంగు, గంధం రంగు, వంగపండు రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం, ముక్కుపొడి రంగు, ఇటుక రంగు. వాడు నవ్వుతూ, "ఇప్పుడు కండ్లకు కనపడతాండాయి సార్" అన్నాడు. మన రంగుల పేర్లలో చాలా భాగం చెట్టునుంచి, పిట్టనుంచి, వంటింటినుంచి వచ్చినవే. పేరు వినగానే వస్తువు ఎదుట నిలుస్తుంది. పచ్చ అనే ఒక్క మాటతో పసుపునూ, పైరునూ రెంటినీ చెప్పుకొన్న జాతి మనది. చిక్కు వచ్చినప్పుడు ఆకును తోడు తెచ్చుకొని ఆకుపచ్చ అన్నాము, పసుపును తెచ్చుకొని పసుపుపచ్చ అన్నాము.

ఇంతవరకు బాగానే ఉన్నది. చివరకు నేను, "ఒరే, చిన్న ఇల్లు, ఎండ ఊరు. హాయిగా సున్నం కొట్టించరాదా?" అన్నాను. వాని ముఖం వాడిపోయినది.

"సున్నం కొడ్తే బీదోళ్ళ ఇల్లంటారు సార్. సుగ్గికి పోయి కట్టుకున్న ఇల్లు" అన్నాడు.

ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ టపా ఆ జవాబు కోసమే.

సుగ్గి అంటే ఇతర ప్రాంతాల మిత్రులకు తెలియకపోవచ్చును. మా పడమటి మండలాలలో వాన మొగం చాటేసిన ఏడు, కొన్నిచోట్ల వాన పడిన ఏడు కూడా, జనం ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరుకు కూలిపనులకు కదలిపోతారు. ముసలివారు, బడికి పోయే పిల్లలు ఊరిలో మిగులుతారు. అలా ఎండలో వంగి సంపాదించిన రూపాయితో లేచిన గోడ అది. దానిమీద ఏ రంగు ఉండాలో చెప్పే హక్కు పింఛను తీసుకొనే నాకు ఎంతవరకు ఉన్నదని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించినాను. వాడు అడిగినది అలంకారం కాదు, గౌరవం. దానిని తేలికగా తీసుకొనరాదు.

మొదట, పండితుడను గనుక, మాట సంగతి చూతము. సున్నం చూర్ణశబ్దానికి తద్భవం. సంస్కృతంలో సున్నానికి సుధ అని మరొక పేరు. సుధ అంటే అమృతం కూడాను. ఆ సుధ పూసిన ఇల్లు గనుక సౌధం అయినది. అమరకోశం సౌధశబ్దాన్ని రాజసదనానికి పేరుగా చెప్పినది. ఒకనాడు రాజు ఇంటికి గుర్తయిన పూత ఈనాడు పేదవాని ఇంటికి గుర్తు ఎట్లయినది? రంగు మారలేదు, ధర మారినది. డబ్బా రంగు వచ్చిన తరువాత సున్నం చౌక అయినది. చౌక అయినది గనుక చులకన అయినది.

కాని వ్యుత్పత్తి చెప్పినంత మాత్రాన ఇరుగుపొరుగు నోళ్ళు మూతపడవు. కావున రెండవ కారణం చెప్పవలెను.

మా చిన్ననాటి మట్టి మిద్దెలలో రంగులు నాలుగే. గోడకు సున్నం, గోడ అడుగున ఎర్రమన్ను పట్టె, నేలకు పేడ, గడపకు పసుపు కుంకుమలు. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు, తెలుపు మెరవడానికి. గోడలో దీపపు గూడు చుట్టూ ముగ్గు. పేదరికం వలన నాలుగు రంగులకు పరిమితమైనారని మనం అనుకొంటాము. అది కొంత నిజమే. కాని ఎక్కడ ఏది ఉండవలెనో వారికి బాగా తెలుసు. వాన చినుకు చిమ్మి మరకపడే చోట ఎర్రమన్ను, వెలుతురు కావలసిన చోట తెలుపు, చూపు నిలువవలసిన గడప దగ్గర పసుపు.

సున్నానికి మరొక గుణమున్నది. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు దానిలోని బొగ్గుపులుసు గాలి వెళ్ళిపోతుంది. నీళ్ళు పోసి విరిచి గోడకు పూసిన తరువాత అదే గాలిని తిరిగి పీల్చుకొని మెల్లగా మరల రాయి అవుతుంది. ఎండను చాలావరకు వెనుకకు త్రిప్పికొడుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మా నేలమీద ఇది చిన్న సంగతి కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇంటి పైకప్పులు చల్లగా ఉంచడానికి ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించినది. ఎండను త్రిప్పికొట్టే తెల్లని పూతలు అందులో ఒక మార్గం. మా అవ్వలు ఏ విధానమూ చదువకయే ఉగాదికి ముందు ఆ పని చేసేవారు.

ఇక నా తప్పు చెప్పుకొంటాను. 1991లో అప్పు చేసి నేనూ రెండు గదులు, వంటిల్లు కట్టించినాను. ఒక పెద్ద ఉద్యోగి ఇంట చూచి వచ్చి, పొగ మరక కనపడదనే తర్కంతో వంటింటికి ముదురు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేయించినాను. నిగనిగలాడుతున్నదని వచ్చిన వారందరికీ చూపించినాను. పగలు బడిలో ఉండేవాణ్ణి, రాత్రి భోజనానికి మాత్రమే ఆ గదిలో కూర్చొనేవాణ్ణి. ఆ చీకటి గదిలో మిట్టమధ్యాహ్నం దీపం వేసుకొని, కరెంటు పోతే కిటికీ దగ్గరకు చేట తెచ్చుకొని, నా భార్య ఆరేండ్లు బియ్యంలో రాళ్ళు ఏరినది. ఒక్కనాడూ ఏమీ అనలేదు. ఏడవ ఏట వెల్ల వేయిద్దామని నేనే అంటే అప్పుడు అన్నది: "పగలంతా ఇంట్లో ఉండేది నేను గదా, ఆ పొద్దు నన్నొక మాట అడిగింటే బాగుండు."

ఆయిల్ పెయింటు మీద సున్నం నిలువదు. గోడంతా గీకించవలసి వచ్చినది. ఆ ఖర్చు మరచిపోయినాను గాని ఆ మాట మరచిపోలేదు.

అందుచేత నా మొదటి సూత్రం ఇది. రంగు ఎంచవలసినవాడు డబ్బు పెట్టినవాడు కాదు, పగటిపూట ఆ గోడల మధ్య ఉండేవారు. మా విద్యార్థి ఇంట్లో అది వాడు కాదు, వాని తల్లి. వాడూ భార్యా సుగ్గికి పోయిన నెలలలో ఇద్దరు మనుమలను పెట్టుకొని ఆ గదులలో ఉండేది ఆమె. ఆమె చూపు మందగించినది కూడాను.

తక్కినవి చిన్న చిన్న జాగ్రత్తలు. పది అడుగులు, పన్నెండు అడుగుల గదికి నేల నూట ఇరవై చదరపు అడుగులు. పది అడుగుల ఎత్తు గోడలు కలిపితే నాలుగువందల నలభై. పుస్తకంలో వేలెడంత ముచ్చటగా కనిపించిన రంగు అంత గోడమీద నాలుగువైపులా కమ్ముకొంటే వేరుగా ఉంటుంది. కాబట్టి ముందు మూడడుగుల మేర పూసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడవలెను. పాత బల్బు పసుపు వెలుతురులో వెచ్చగా ఉండిన రంగు ఈనాటి ఎల్‌ఈడీ తెల్లని వెలుతురులో పాలిపోతుంది. నేలను మరువరాదు. కడప నల్లబండ పరచినవారు గోడకూ ముదురు రంగు వేస్తే గది గుహ అవుతుంది. కొత్త గోడ పచ్చి ఆరక ముందే రంగు వేస్తే పెచ్చులు లేస్తుంది. కనీసం నెల ఓపిక పట్టవలెను. పసిపిల్లలున్న ఇంటిలో కిటికీ కమ్ములకు వేసే రంగులో సీసం సంగతి అడగవలెను. 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇండ్ల రంగులలో సీసం 90 పీపీఎం మించరాదని నిబంధన ఉన్నది. అంతకు ముందటి పాత డబ్బా ఎవరైనా ఉచితంగా ఇచ్చినా పుచ్చుకొనవద్దు.

నన్ను తెలుపు పక్షపాతి అనుకొనవద్దు. మా వీధి చివర ఒక ఇంటివారు ముందరి గోడకు గులాబీ, తలుపుకు నెమలికంఠం వేసినారు. మొదట నేనూ మొగం చిట్లించినాను. గుండ్లకొండలు, బూడిదరంగు రాళ్ళు, ఎండిన చేలు తప్ప కంటికి మరేమీ ఆనని ఊరిలో, మే నెల మధ్యాహ్నం బస్సు దిగి నడచి వస్తూంటే ఆ గోడ దూరాన్నుంచే పలుకరిస్తుంది. ఇల్లు కట్టుకొన్నామని నలుగురికీ చెప్పుకొనే హక్కు అందరికీ ఉన్నది. సున్నానికి ఏటేటా చాకిరీ ఉన్నదనీ, ఆనుకొంటే బట్టకు అంటుతుందనీ కూడా ఒప్పుకొనవలెను.

మరునాడు వాని ఇంటికి పోయి ఈ మాటే చెప్పినాను. మిద్దెపైన సున్నం, లోపల పైకప్పుకు తెలుపు, గోడలకు మీ అమ్మ చెప్పినది, వీధి గోడకూ తలుపుకూ నీ ఇష్టం. నీ గౌరవమంతా వీధి గోడమీద చూపించుకో, లోపల మాత్రం అమ్మకు వెలుతురు ఉంచు అన్నాను.

వాడు పుస్తకం తల్లి చేతికి ఇచ్చినాడు. ఆమె దానిని తెరువనేలేదు. గోడ తడిమి చూచి, "దీపం పెట్టను గూడు పెట్టలేదేమిరా?" అని అడిగినది.

రంగులు ఇంకా వేయలేదు. తాపీ మేస్త్రీని మాత్రం మరల పిలిపించినారు.