భిలాయిలో జ్యూరీ అంటే ఎవర్ని కూర్చోబెడతారు?

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలకు ఎప్పుడో ఒకసారి జ్యూరీ డ్యూటీకి రమ్మని ఉత్తరం వస్తుంది. ఓటర్ల జాబితాల్లోంచీ, డ్రైవింగ్ లైసెన్సుల్లోంచీ పేర్లు తీస్తారు. పిలిచాక జడ్జీ, వకీళ్లూ ప్రశ్నలేస్తారు: నిందితుడు తెలుసా? పోలీసుల మీద కోపమా? పక్షపాతం కనబడితే ఇంటికి పొమ్మంటారు. సెలవులకొచ్చి వాళ్లు ఇది చెబితే, భిలాయి సెక్టార్లలో పెద్దవాళ్లు "మనకూ ఉంటే బాగుండు" అంటారు.

మనకూ ఉండేది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జిల్లాలో జూరర్ల జాబితా తయారుచేసేది సెషన్స్ జడ్జీ, కలెక్టరు. కోర్టులో చీటీలు తీసేవారు. నిందితుడు అభ్యంతరం చెప్పే వీలుండేది. కానీ అసలు కోడ్‌లో జూరర్లు 21 నుంచి 60 ఏళ్ల మగవాళ్లే. 1959లో నౌకాదళ అధికారి నానావతి మీది హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. జడ్జీ ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు, అక్కడ శిక్ష పడింది. జ్యూరీ దానితోనే పోయిందని చెప్పుకుంటారు గానీ, రద్దు చేయమని లా కమిషన్ అంతకు ముందే, 1958లోనే చెప్పింది. 1973 కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది.

సరే, ఇక్కడికే వద్దాం. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయి హడ్కో కాలనీ ఇంట్లో నిద్రలో ఉన్న శంకర్ గుహ నియోగిని కాల్చి చంపారు. ఆయన అప్పుడు ఇక్కడి ప్రైవేటు కర్మాగారాల ఠేకా (కాంట్రాక్టు) కార్మికుల పోరాటం నడుపుతున్నాడు. ఆ కేసుకు జ్యూరీ వేయాలంటే చీటీలో ఎవరి పేరు తీయాలి? స్టీల్ ప్లాంటు ఉద్యోగా, ఠేకేదారా, అతని దగ్గర పనిచేసేవాడా, వాళ్లకు అప్పు మీద సరుకులిచ్చే కిరాణా కొట్టువాడా? ఈ ఊళ్లో ఏ పక్షంతోనూ సంబంధం లేని మనిషి దొరకడు. దొరికినా, సాయంత్రం మార్కెట్లో నలుగురి మధ్యా తిరగాల్సినవాడే.

1997లో దుర్గ్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చినవాడికి మాత్రం యావజ్జీవం వేసింది. నాకు ఈ ముగింపు నచ్చలేదు. అయినా మూడు కోర్టులూ ఎందుకలా అన్నాయో కాగితం మీద ఉంది, తప్పుపట్టడానికి వీలుంది. జ్యూరీ అయితే దోషి, నిర్దోషి అని చెప్పి లేచిపోతుంది, కారణం రాయదు.

కాబట్టి నా ఓటు జ్యూరీకి కాదు. కావాలనేవారు ముందు ఆ మూడు తీర్పులూ చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

— భిలాయి వాసి