గెలిచిన రోజు ఎలా ఉండాలి?

గెలవడం ఎలాగో పిల్లలకు మనమంతా నేర్పుతున్నాం. గెలిచాక ఎలా ఉండాలో మాత్రం నేర్పడం లేదు. దీనికి ఒక పాత కార్ల రేసు మంచి ఉదాహరణ.

ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. 1955 జూన్ 11న రేసు మొదలైన రెండున్నర గంటలకు ఒక మెర్సిడెస్ కారు ముందున్న కారును ఢీకొని, గాల్లోకి లేచి ప్రేక్షకుల వైపు దూసుకెళ్లింది. 80 మందికి పైగా చనిపోయారు. రేసు ఆపితే జనమంతా ఒక్కసారిగా రోడ్ల మీదికొచ్చి అంబులెన్సులకు దారి ఉండదని నిర్వాహకులు ఆపలేదు. ముందంజలో ఉన్న మెర్సిడెస్ జట్టు అర్ధరాత్రి దాటాక తన మిగతా కార్లను విరమించుకుంది. జాగ్వార్ జట్టు కొనసాగింది. మర్నాడు ఆ జట్టు డ్రైవర్లు మైక్ హాథార్న్, ఐవర్ బ్యూబ్ గెలిచారు.

హాథార్న్ నవ్వుతూ షాంపేన్ తాగుతున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. ఫ్రాన్స్‌లో చాలామందికి అది మింగుడుపడలేదు. అధికారిక విచారణలో ఏ డ్రైవరుదీ తప్పని తేల్చలేదు. ఆ విజయం నిబంధనల ప్రకారం వచ్చిందే. అయినా ఆ రేసు గురించి మాట్లాడినప్పుడల్లా ఆ నవ్వు గుర్తుకొస్తుంది.

అప్పటికి హాథార్న్ వయసు 26. ఆ క్షణంలో ఆ వయసువాడికి సంతోషం ఆపుకోవడం కష్టమే. "ఈరోజు సీసా వద్దు బాబూ" అని చెప్పాల్సింది చుట్టూ ఉన్న పెద్దలు. రిజల్ట్స్ వచ్చే రోజు ఆ పెద్దలం మనమే.

కష్టపడి చదివిన పిల్లకు సంతోషించే హక్కు లేదా అంటారా? తప్పకుండా ఉంది. ఇంట్లో స్వీట్లు పంచండి, తాతయ్య, అమ్మమ్మలకు ఫోన్ చేయించండి. కానీ క్లాసు వాట్సాప్ గ్రూపులో మార్కుల మెమో పెట్టకండి. "మీవాడికి ఎంతొచ్చాయి?" అని అందరిముందూ అడగకండి. మార్కులు తగ్గాయని ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ సాయంత్రం ఏ ఇంట్లో ఏ బిడ్డ తలుపేసుకుని కూర్చుందో మనకు తెలియదు.

టాపర్ల పేర్లు చదివే మాకూ, ఫ్లెక్సీలు కట్టే స్కూళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈసారి రిజల్ట్స్ రోజున మీ అమ్మాయి చేతో, అబ్బాయి చేతో మార్కులు తగ్గిన స్నేహితుడికి ఒక ఫోన్ చేయించండి. మార్కుల ఊసెత్తకుండా మాట్లాడమనండి, చాలు.