పెట్టె యడుగున హాలీ నోటు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పాతయిండ్లలో భూమి దస్తావేజుల నడుమ మడతపడిన హాలీ నోటొకటి బయటపడుట వింత కాదు. దానిని చూచినంతనే యింటివారు వేయు ప్రశ్న మాత్ర మొక్కటే: దీని కెన్ని లక్షలు వచ్చును? చేతిఫోనులలోని ప్రకటన లీ యాశను పెంచుచున్నవి. తన పేరు చెప్పి పాతనోట్ల వ్యాపారమున రుసుములు, కమీషనులు గుంజు వంచకులున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగష్టులో ప్రజలను హెచ్చరించినది. అయినను మోసపోవువారు మోసపోవుచునే యున్నారు.

ఈ నోటు పుట్టుక చెప్పుకొనదగినది. సంస్థానములు కాగితపు ద్రవ్యము వెలువరించుట ఆంగ్లప్రభుత్వమున కిష్టము లేకుండెను. మొదటి ప్రపంచయుద్ధమున వెండి కరవైన పిమ్మట, నిజాము చేసిన యుద్ధసాహాయ్యమును తలచి, 1918లో అంగీకరించిరి. మొదట పది, నూరు రూపాయల నోట్లును, 1919లో ఒకటి, ఐదు రూపాయలవియు, 1926లో వేయి రూపాయలదియు వచ్చినవి. ఆ 1918లోనే నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. నోటు మీద మాత్రము తెలుగక్షరమునకు చోటు దొరకినది! శిస్తు కట్టు రైతు భాష గదా.

ఏడు హాలీలు ఆరు కల్దారులకు సరి. కామారెడ్డి బెల్లపు బజారున చేతులు మారినదియు, 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరు కట్టిన కూలీల కొంగున ముడిపడినదియు హాలీయే. 1947 చివర సంస్థాన ప్రభుత్వము కల్దారు చెల్లదని ఆర్డినెన్సు చేసెను. మరుసటి సెప్టెంబరున ఆ ప్రభుత్వమే లేకపోయెను. 1950లో భారత రూపాయి ప్రవేశించెను. 1959లో హాలీ రద్దయ్యెను. నిరంకుశ ప్రభుత్వపు గుర్తును దాచుకొమ్మని చెప్పుట మీకు తగునా యని కొందరడుగవచ్చును. నిజామును తలచి దాచుమని మే మనుట లేదు. అది మన తాతల కష్టార్జితమునకు మిగిలిన సాక్ష్యము.

లండనులో అచ్చయిన హైదరాబాదు నోట్లతో వచ్చుచున్న ‘ఈజిప్టు’ అను నౌక 1922లో ఫ్రాన్సు తీరమున మునిగెను. పదేండ్లకు బంగారముతోపాటు కొన్ని నోట్లును పైకి దీసిరి. ఉప్పునీట మాసిన యా కాగితములను సేకర్తలు నేటికిని ఆదరింతురు; ఏలయన వాని కథ తెలియును. మన పెట్టెలలోని నోట్లకు కథ యున్నది గాని వ్రాసిపెట్టినవారు లేరు.

వెల విషయమున భ్రమ వలదు. ఒక రూపాయి నోట్లు విరివిగ దొరకును. వేయి రూపాయలది మిక్కిలి అరుదు. చినుగు, మరక, మడత వెలను తగ్గించును. కావున నోటును కడుగరాదు, ఇస్త్రీ చేయరాదు, జిగురుపట్టీ అంటింపరాదు. లామినేషను చేయించుట యన్నింటికంటె చేటు. దానిని మరల విడదీయుట కష్టము. మడత విప్పి, పాలియెస్టరు తొడుగులో నుంచి, తేమయు ఎండయు తగులనిచోట పెట్టవలెను. నోటుపై నేమియు వ్రాయక, వేరొక కాగితమున అది యెవరిదో, ఏ యూరిదో, ఏ దస్తావేజు నడుమ దొరకినదో వ్రాసి జతచేయవలెను.

2016లో కామారెడ్డి ప్రత్యేక జిల్లా యైనది. ఆ జిల్లా గ్రంథాలయమున ఇట్టి నోట్ల ఛాయాచిత్రములకొక దస్త్రము తెరచుటకు పెద్ద వ్యయము కాదు. అమ్మదలచినవారు అమ్ముకొనవచ్చును, అమ్మకమునకు ముందు రెండు వైపులను ఫోటో తీయించి, పై వివరముల కాగితముతో నొక ప్రతి అచ్చట నిచ్చిన చాలును.