చెరువు గట్టుకు చేరని చేపల పాఠం

యానాం: గోదావరికి ఎర్రనీరు రాగానే యానాం రేవులో పులస వేలం మొదలవుతుంది. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. సముద్రంలో ఉండగా ఇలస అని పిలిచే ఈ చేప, గుడ్లు పెట్టడానికి ఉప్పునీరు వదిలి ఏటికి ఎదురీదుతుందనీ, అప్పుడే దానికి పులస అనే పేరూ ఆ రుచీ వస్తాయనీ దరియాలతిప్ప కుర్రవాడికి తాత చెప్పగా తెలుసు. బడి పుస్తకంలో మాత్రం ఆ ముక్క దొరకదు.

బొత్తిగా చేపల పాఠమే లేదని అనటానికి వీల్లేదు. పుదుచ్చేరిలో భాగమైనా యానాం బడులు చాలా ఏళ్లు ఆంధ్ర సిలబస్సే చదివాయి. 2023-24 నుంచి ప్రభుత్వ పాఠశాలలను సి.బి.ఎస్.ఇ.కి మార్చటం మొదలైంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏళ్ల తరబడి నడిపిన తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఆహార వనరుల పాఠం ఉంది. అందులో కట్ల పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేత తింటాయని, అందుకే మూడింటినీ ఒకే చెరువులో పెంచవచ్చునని చక్కగా రాశారు. అయితే కట్ల అంటే మన బొచ్చె అనీ, రోహు అంటే శీలావతి అనీ, మ్రిగాల అంటే ఎర్రమోసు అనీ చెప్పేవారు ఉంటేనే గదా పిల్లవాడికి అది తన ఊరి సంగతి అని తెలిసేది! పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా వచ్చి, జవాబు రాయగానే ఆ పాఠం ముగిసిపోతున్నది.

బడి చెప్పని చదువును ఈ డెల్టా రైతు నష్టపోయి నేర్చుకున్నాడు. 1990 దశకం మొదట్లో టైగరు రొయ్య డబ్బు కురిపించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులపై తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చి మళ్లీ చెరువులు నిండాయి. తాళ్లరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లో తిరిగితే వరిచేను ఎక్కడ ఆగిందో, చెరువు ఎక్కడ మొదలైందో కంటికే తెలుస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ సంగతి ముందు చర్చకు వచ్చింది ఈ చెరువు గట్ల మీదే.

ఇంత వ్యాపారం జరుగుతున్నా, చెరువుకు ఏ మందు చల్లాలో చెప్పేది చాలాచోట్ల మందుల దుకాణంవారే. అమ్మేవాడే వైద్యుడైతే ఖర్చు తగ్గుతుందా? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులు ఆక్వాలో నిషిద్ధం. వాటి ఛాయ కనిపిస్తే విదేశాలవారు సరుకు తిప్పి పంపుతారు. ఇది పదో తరగతి రసాయన శాస్త్రానికి మించిన విషయం కాదు.

తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కారణం దయ్యమూ కాదు, దిష్టీ కాదు. పగలు నీటిలోని నాచు ఎండ తగిలి ప్రాణవాయువు విడుస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆ వాయువును వాడేస్తాయి. సూర్యోదయానికి ముందు అది అడుగంటుతుంది. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలని నిపుణుల లెక్క. అందుకే రాత్రిళ్లు ఏరియేటర్లు తిరుగుతాయి. కిరణజన్య సంయోగక్రియను బొమ్మ గీసి బట్టీ పట్టించే బదులు ఒక వేకువన చెరువు దగ్గర చూపిస్తే చాలు. ఏరియేటరు తీగల వల్ల షాకు కొట్టి కూలీలు చనిపోతున్న ఉదంతాలు ఉన్నాయి గనుక విద్యుత్ పాఠం కూడా అక్కడే చెప్పవచ్చు.

తల్లిదండ్రుల్లో ఒక అనుమానం ఉంటుంది. అది తీసివేయదగినది కాదు. పల్లెకారుల బిడ్డకు మళ్లీ వలే చేతికిస్తారా అని వారు అడుగుతారు. 1953లో మద్రాసులో రాజాజీ పిల్లలకు ఒక పూట బడి, ఒక పూట ఇంటి పని అనే పథకం పెడితే కులవృత్తి చదువు అని జనం ఎదురుతిరిగారు. మరుసటేడు దాన్ని రద్దు చేయక తప్పలేదు. కనుక ఈ సబ్జెక్టు పెడితే తరగతిలోని పిల్లలందరికీ పెట్టాలి. బెస్తవారి పిల్లలకు వేరుగా కాదు. కేరళలో మత్స్యశాఖ మత్స్యకారుల పిల్లల కోసం ఫిషరీస్ టెక్నికల్ హైస్కూళ్లు నడుపుతున్నది. అక్కడి వొకేషనల్ హయ్యర్ సెకండరీలో ఆక్వాకల్చర్ కోర్సు ఉంది. కోర్సు మనకూ కావలసిందే. వేరే బడి మాత్రం యానాం వంటి చిన్న ఊరికి అక్కర లేదని ఈ విలేఖరి అభిప్రాయం.

పై చదువుకు దారి లేదన్న మాట నిజం కాదు. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల నడుస్తున్నది. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేశారు. విశాఖలోని కేంద్ర సంస్థ సిఫ్నెట్ యూనిట్‌లో పదో తరగతి చదివినవారికి పడవ నడిపే శిక్షణ ఇస్తారు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇక్కడికి 30 కిలోమీటర్ల లోపే. పుదుచ్చేరి సచివాలయమైతే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. ఫైలు ఎంత దూరం తిరగాలో పాఠకులకు చెప్పనక్కర లేదు.

కొత్త ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినదీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు సంచి లేని బడి ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తులవారి వద్ద పిల్లలు పని నేర్చుకోవాలని చెప్పింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగు చేసుకుంటూ మత్స్యకారులు ఊళ్లోనే ఉంటారు. సెలవులు ఇచ్చేలోగా ఏప్రిల్‌లో బడి ఉన్న రోజులను ఇందుకు వాడుకోవచ్చు. హైస్కూలు పిల్లలు వారానికోసారి రేవులో నీటి వేడి, ఉప్పదనం, పి.హెచ్. చూసి పుస్తకంలో రాసుకోవచ్చు. వరదకు తీపిగా, వేసవికి ఉప్పగా మారే ఏరు ఇంత దగ్గరలో ఎన్ని బడులకు ఉంటుంది? నీటి తేట కొలిచే తెలుపు నలుపుల రేకు పళ్లెం పిల్లలే చేసుకోగలరు. కోరింగ మడ అడవి పక్కనే ఉంది.

వీటన్నిటికంటే ముందు చెప్పవలసినది గాలివాన పాఠం. 1996 నవంబరు 6 తుపానులో ఈ తీరాన వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం పంపుతున్నది. సెల్‌ఫోనులో వచ్చే ఆ అంకెలు, దిక్కులు చదివి తండ్రికి చెప్పగలిగిన పిల్ల ఇంట్లో ఉండటం ఒక లైఫ్ జాకెట్ ఉన్నంత పని. అక్షాంశ రేఖాంశాల పాఠం ఎలాగూ సిలబస్‌లోనే ఉంది. ఇక్కడి రేవు అంకెలతో దాన్ని చెప్పటానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.